ఎవరిని చూసి నవ్వాలి?

“ఆ టీవీ కట్టెయ్యవయ్యా! హోబర్ట్ బండి వెళ్ళిపోతుంది,” అంది డెల్ఫియా, కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ. హోబర్ట్ ఆమె తమ్ముడు. తనతో వచ్చేయమని, పని తాను చూపిస్తానని పోరుతున్నాడు. ఇవాళ బండి తెచ్చి వీధిలో ఆపుకుని కూర్చున్నాడు.

ఆమె భర్త ఆర్బిన్ ఊగే కుర్చీలోంచి కదల్లేదు. తెర మీద, కెంటకీ కొండల నుంచి దిగిన అవ్వ ఒకతె పట్నపు హోటల్లో పాలరాతి మెట్ల మీద కోళ్ళను మేపుతోంది.

“చూశావా అవ్వని? ఎక్కడున్నా తన కోళ్ళు తనవే, తన మాట తనదే. ఎవరు నవ్వినా లెక్కచెయ్యదు.”

“మనలాంటి కొండోళ్ళని చూసి నవ్వుకోడానికే అది తీశారు. నాకు దీని తర్వాతొచ్చేదే ఇష్టం. పళ్ళ డాక్టరు పెళ్ళాన్ని వెంటేసుకుని పల్లెలో కాపురం పెడతాడు చూడు, అది. అందులో తెలివితక్కువోడు డాక్టరే.”

“అందులో ఆవిడ వారం వారం పెట్టె సర్దుతుంది. నీకు నచ్చేది అదేగా!”

“సర్దుతుంది, మళ్ళీ విప్పుతుంది. నేను విప్పను.”

పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. డెల్ఫియా విసురుగా వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది.

“ఇక్కడేం తక్కువైందే నీకు? తిండుంది, ఇల్లుంది.”

“ఊపిరాడ్డం లేదు నాకు.”

“అక్కడికెళ్తే అందరూ మన మొహం చూసి నవ్వుతారు.”

“అవ్వని చూసి నవ్వితే ఫరవాలేదు గానీ, నిన్ను చూసి నవ్వకూడదా?”

తెర మీద ఒక దొరసాని వెంట అవ్వ కోడిపుంజు పడింది. టీవీలో జనం పగలబడి నవ్వారు. ఎప్పుడూ వాళ్ళకంటే ముందే నవ్వే ఆర్బిన్ ఈసారి నవ్వలేదు.

“పని కుదరకపోతే?” అన్నాడు మెల్లిగా.

“అప్పుడు మనిద్దరమే నవ్వుకుందాం. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను ఆర్బిన్. ఒట్టు.”

ఆర్బిన్ ఆమె మొహంలోకి చూశాడు. అది ఉత్త బెదిరింపు కాదు. లేచి టీవీ మీట తిప్పాడు. బొమ్మ చుక్కగా మారి ఆరిపోయింది. ఊగే కుర్చీని నెత్తికెత్తుకున్నాడు.

“మరి నీ డాక్టర్ని చూడవా?”

“చూసింది చాల్లే, పద.”

డెల్ఫియా పెట్టె అందుకుని తలుపు తీసింది.

గుమ్మం బయట, డెట్రాయిట్ పట్నంలోని ఆ మేడ ఏడో అంతస్తులో, లిఫ్టు వచ్చి ఆగింది. కింద హోబర్ట్ బండి వాళ్ళని తిరిగి తమ కెంటకీ కొండలకి తీసుకెళ్ళడానికి కాచుకునుంది.