నానో సదస్సుకు బొట్టు

“బొట్టు పెట్టి పిలువని కాడికి మనింటి పిల్ల పోదు,” అని తేల్చేసింది రాధమ్మ, చేటలో కందిపప్పు చెరుగుతూ.

మనవరాలు భవ్యశ్రీ ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది. సోమవారం నుంచి వికారాబాద్‌లో మూడు రోజుల అంతర్జాతీయ నానోటెక్నాలజీ సదస్సు. తాండూరు బండల పాలిషింగ్‌లో మిగిలే బురద నుంచి నానో పొడి తీసే పద్ధతి మీద తను పేపర్ చదవాలి. అది చదివితేనే పీహెచ్‌డీ ముందుకు కదులుతుంది.

“మెయిల్‌ల పిలిచిన్రు నానమ్మా. చూడు, నా పేరు గూడ ఉంది.”

“పేరు ఓటర్ల లిస్టుల గూడ ఉంటది. ఇంటికొచ్చి పిలిచిన్రా?”

“నానో అంటే ఏందే?” అడిగాడు తాత నర్సింహులు.

“మస్తు చిన్నది తాతా. ఒక్క వెంట్రుకను లక్ష వంతులు చేస్తే అండ్ల ఒక్క వంతు.”

“గంత చిన్నదానికి మూడు దినాలా?” అంది రాధమ్మ. “పెండ్లిలే ఒక్క పూటల ఒడుస్తున్నయి గీ కాలంల.”

ఆ ఇంట్లో రాధమ్మ మాటకు ఎదురు చెప్పినవాడు ఇంకా పుట్టలేదు. భవ్యశ్రీ పెరట్లోకి వెళ్లి బిందు మేడమ్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. ఆమెకు గైడూ, సదస్సుకు కన్వీనరూ ఆ మేడమే. విని మేడమ్‌కూ ఏడుపొచ్చింది. మూడు వేల మందికి మెయిళ్లు పెడితే వస్తామన్నది పదకొండు మంది. అందులో ఒకరు తగ్గితే ఎట్లా?

మర్నాడు పొద్దున్నే బిందు మేడమ్ కుంకుమ బరిణెతో వాళ్ల ఊరు కుల్కచర్లలో దిగింది. సైన్సు చదివిన మనిషే, కానీ అవసరం ఆమెది. రాధమ్మ నుదుట బొట్టు పెట్టి, నాలుగు మూలలా పసుపు పూసిన బ్రోచరు చేతికిచ్చింది.

“అమ్మా, మీరందరు తప్పకుండ రావాలె.”

రాధమ్మ ముఖం వెలిగిపోయింది. “గిట్ల పిలిస్తే ఎందుకు రామమ్మా? వస్తం.”

భవ్యశ్రీ వంటింట్లోంచి చాయ్ తెచ్చేసరికి మేడమ్ బరిణెకు మూత పెట్టి సంచిలో వేసుకుంటోంది. గండం గడిచిందని పిల్ల ప్రాణం కుదుటపడింది.

మేడమ్ కారు మలుపు తిరగగానే నర్సింహులు గొణిగాడు. “అందరం పోతే బర్రెల కాడ ఎవరుంటరు?”

“గా ఫికర్ నాకు ఇడిసిపెట్టు. నువ్వు చుట్టాలకు ఫోన్లు కొట్టు.”

సోమవారం పదింటికి హాలు బోసిగా ఉంది. ముఖ్య అతిథికి ఏం చెప్పాలో తెలియక బిందు మేడమ్ చెమటలు తుడుచుకుంటుండగా, గేటు దగ్గర ఒక డీసీఎం వ్యాను ఆగింది. నలభై ముగ్గురు దిగారు. ముందు వరుసంతా పట్టుచీరలతో నిండిపోయింది. రాధమ్మ నేరుగా వెళ్లి జర్మనీ ప్రొఫెసర్ పక్కన కూర్చుని, “బువ్వ ఎన్నింటికి?” అని ఆయన్నే అడిగింది. మేడమ్‌కు ఆనందంతో కళ్లు చెమర్చాయి. జన్మలో ఇంత నిండు సదస్సు చూడలేదు.

“మొదటి పేపర్, కుమారి భవ్యశ్రీ,” అని మైకులో పిలిచింది.

ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. లాభం లేక ఫోన్ చేసింది. రింగు ముందు వరుసలోనే, రాధమ్మ సంచిలోంచి వినిపించింది.

“దాని ఫోనే. ఫొటోలు దిగుతందుకు తెచ్చిన,” అంది రాధమ్మ.

మేడమ్ వేదిక దిగి పరుగున వచ్చింది. “అమ్మా, భవ్యశ్రీ ఏది?”

“బర్రెల కాడ ఉంచి వచ్చినం,” అంది రాధమ్మ నింపాదిగా. “మీరు బొట్టు నాకు పెట్టిన్రు గని, దానికి పెట్టలేదాయె.”