వంగగలిగినవాడు

మా మిర్చి యార్డులో ఇప్పుడు ఎవరూ చెంప మీద కొట్టరు, ఛాతీ మీద చేయి వేసి తోస్తారు. వెన్నులో జారిన డిస్కును ఆపరేషన్ లేకుండా నయం చేసే బెల్టు అందరి నడుముకూ ఉంది. నిలబడితే అది వంగనివ్వదు. వెన్ను నేలకు ఆనితే నడుమును సాగదీయడం మొదలుపెట్టి, ఇరవై నిమిషాలు కదలనివ్వదు. ముందు పడ్డవాడు ఓడినట్టే.

అందుకే, నా కొట్టుకు సరుకు తెచ్చే రైతుల్ని లాక్కున్న సాటి కమీషన్ వ్యాపారి అంకిరెడ్డిని రెండు చేతులతో తోశాను. తల సిమెంటు గట్టుకు తగిలి రక్తం చిమ్మింది. అయినా పడుకునే నవ్వాడు.

"ఏం శెట్టిగారూ, వంగి కొట్టండి చూద్దాం!"

తన్నబోతే బెల్టు కాలు లేవనివ్వలేదు. మూటలెత్తే కొక్కెం చేత్తో పట్టుకుని ఉన్న మా హమాలీ గురవయ్యను పిలిచాను. యార్డులో బెల్టు లేనిది అతనొక్కడికే. నాది పాడైతే పోయిన నెల అతనిది విప్పించి నేను కట్టుకున్నాను. మూటలు మోసే నడుము, నెల రోజులు ఓర్చుకుంటుందని లెక్క వేశాను.

"ఆ కొక్కెంతో వీడి మోకాలి చిప్ప లేపెయ్."

"పక్క మీంచి లేవాలన్నా నా పెళ్లాం పట్టుకోవాలయ్యా. ముందు నా బెల్టియ్యండి."

"చెప్పింది చెయ్యరా, బెల్టెక్కడికి పోద్ది!"

గురవయ్య కొక్కెం కింద పడేసి, రెండు అరచేతులతో నన్ను తోశాడు. వెన్ను నేలకు తగలగానే బెల్టు బిగుసుకుని నడుమును లాగసాగింది. పక్కన అంకిరెడ్డి నవ్వు ఆపేశాడు.

గురవయ్య నడుం పట్టుకుని, మూలుగుతూ, కొక్కెం కోసం మెల్లగా వంగాడు. నాకింకా పంతొమ్మిది నిమిషాలు ఉంది.