నలభయ్యోవాడు

"నెగ్గింది. సాయంత్రం ఆపిల్ కేకు నా ఖర్చు."

ఫోన్‌లో వచ్చిన ఆ మెసేజిని నేజా రెండుసార్లు చదివింది. మూడోసారి పంపినవాళ్ళ పేరు చూసింది. దరింకా మేడమే. యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలైన ఆమె దగ్గరే నేజా సహాయకురాలు.

ఎలా నెగ్గింది?

ఓటమి ఖాయమని, దాన్ని కళ్ళారా చూడలేక, నేజా సభలోకి వెళ్ళకుండా క్యాంటీన్‌లో కూర్చుంది. ముందున్న కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల ధూళి పీల్చి జబ్బుపడ్డ కార్మికులకు వైద్యం, పరిహారం ఇవ్వాలన్నది ఇవాళ్టి తీర్మానం. దానికి నేజా ఒక్క వాక్యం చేర్చాలనుకుంది. వాళ్ళ పని బట్టలు ఇంట్లో ఉతికి జబ్బుపడ్డ ఆడవాళ్ళకు కూడా ఇవ్వాలని.

నేజా వాళ్ళమ్మ అలాంటి మనిషే. ఫ్యాక్టరీ గడప ఏనాడూ తొక్కలేదు. నాన్న బట్టలు ఉతికింది, అంతే. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దగ్గు ఆగక అక్కడే కూలబడుతుంది.

సవరణలు కాగితం మీద ఇచ్చే గడువు దాటిపోయింది. ఇక మిగిలింది నోటిమాట సవరణ. ఓటింగు సమయంలో లేచి చదవచ్చు. కాకపోతే నలభైమంది సభ్యులు అభ్యంతరమంటూ లేచి నిలబడితే అది ఓటుకే రాదు.

సమావేశాల చివరి రోజైన గురువారం మధ్యాహ్నం ఓటింగంటే సగంమంది ధ్యాస ఇంటికెళ్ళే రైళ్ళ మీదే ఉంటుంది. అయినా ఎదుటి పక్షం సరిగ్గా నలభైమందిని కదలకుండా పట్టి ఉంచిందని పొద్దున్నే కబురొచ్చింది.

నేజా పరుగున సభ ద్వారం దగ్గరికి వెళ్ళింది. దరింకా మేడమ్ ముఖంలో సంతోషంకన్నా అయోమయమే ఎక్కువగా ఉంది.

"ముప్పై తొమ్మిదిమందే లేచారు. మూడుసార్లు లెక్కపెట్టించారు. ఆ తర్వాత ఓటు పెడితే తేలిగ్గా నెగ్గేసింది."

"ఒకాయన బాత్‌రూమ్‌కి వెళ్ళాడేమో మేడమ్."

"లేదు. నలభైమందీ లోపలే ఉన్నారు. ఒకాయన కూర్చునే ఉండిపోయాడు."

"నిద్రపోయాడా?"

"నిద్రెక్కడిది? కళ్ళు విప్పార్చుకుని నన్నే చూస్తున్నాడు."

ఇద్దరికీ ఏమీ అంతుపట్టలేదు. శత్రువు శిబిరంలోంచి ఇలా ఊడిపడ్డ మనిషి ఎవరు? ఎందుకు?

మిగతా ఓటింగులు కూడా ముగిశాక, సంగతంతా సభలో పనిచేసే బంట్రోతు ఒదీల్ చెప్పింది. ఆయన బెల్జియం సభ్యుడు బోగార్ట్ గారట. అటుపక్క, ఇటుపక్క వాళ్ళు కోటు పట్టుకుని లాగారట. మోకాలు నొప్పి, లేవలేనన్నారట.

"ఆ ముసలాయన్ని మీరు చూసే ఉంటారు," అంది ఒదీల్. "చేతికర్ర, మెడలో ఎర్ర ఉన్ని మఫ్లరు."

ఆయన్ని నేజా పొద్దునే చూసింది.

పొద్దున ట్రామ్‌లో ఆమె చేతినిండా కాగితాలు. చెవి దగ్గర ఫోన్. పెళ్ళయి పదహారు రోజులైంది. హోటల్ గదిలో చొక్కా ఇస్త్రీ చేయబోయి కాల్చుకున్న వైనం భర్త తిలెన్ చెబుతుంటే, ఆమె ఒకటే నవ్వు. ఎర్ర మఫ్లరు పెద్దాయన కర్ర మీద బరువు మోపి లేచి తన సీటు ఇచ్చాడు. నవ్వుల్లో ఆమె థాంక్స్ కూడా చెప్పలేదు.

జారిపడ్డ ఒక కాగితాన్ని ఆయనే వంగి తీశాడు. ఇవ్వకుండా చదివాడు.

"ఉతికారని రాశావేంటమ్మాయ్? ఉతికే ముందు దులుపుతారు. ధూళి లోపలికి పోయేది అప్పుడే."

నేజాకు చిరాకేసింది. "ఇది ఓటింగు వ్యవహారం తాతగారూ. మీకు అర్థం కాదులెండి."

"నిజమే. ఆ ఓటింగు నాకూ ఎప్పుడూ అర్థం కాదు," అని ఆయన నవ్వాడు.

దిగాక, సభ చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళాల్సిన ద్వారం అటువైపని ఆమే వేలితో చూపించింది. ఆయన బుద్ధిగా తలూపి అటే నడిచాడు.

అయినా ఆ మాట ఆమెను వదల్లేదు. అమ్మ కూడా దులిపేది, పెరట్లో, ముఖం పక్కకు తిప్పుకుని. ఆఫీసులో కూర్చోగానే 'దులిపి' అని పెన్సిల్‌తో చేర్చింది. దరింకా మేడమ్ సభలో అలాగే చదివింది. బట్టలు దులిపి, ఉతికిన ఆడవాళ్ళకు కూడా.

ఆ మోకాలితోనే పొద్దున ఆయన నాలుగు స్టాపులు నిలబడ్డాడు. ఆమె కోసం ట్రామ్‌లో లేచినవాడు సభలో మాత్రం లేవలేదు.

"ఏ సీటు?" అని అడిగింది నేజా. కనీసం ఆ థాంక్స్ అయినా చెప్పాలి.

సీటు ఖాళీగా ఉంది. పక్షం మాట దాటాక ఇక ఉండనని రాజీనామా ఇచ్చి, ఒంటిగంట రైలుకు వెళ్ళిపోయారని ఒదీల్ చెప్పింది. అప్పుడు సమయం ఒంటిగంటా పది.

"ఓటుకు వివరణ రాసిచ్చారు. ఒక ప్రతి మీకివ్వమన్నారు."

ఫలానా విధంగా ఎందుకు ఓటేశారో ఏ సభ్యుడైనా రాసివ్వచ్చు. రెండు వందల మాటలదాకా రాయచ్చు. కొందరు దాన్ని ఉపన్యాసమంత సాగదీస్తారు. ఆయన కాగితంలో ముప్పాతిక భాగం తెల్లగానే ఉంది.

నేజా దాన్ని మేడమ్‌కు వినిపించేలా చదవడం మొదలుపెట్టింది. మధ్యలో కాగితం ఆమె చేతికిచ్చేసింది. మిగతాది మేడమే అందుకుని చదివింది.

"ఇరవై రెండేళ్ళు సిమెంటు రేకుల ఫ్యాక్టరీ నడిపాను. ధూళితో ఏ ప్రమాదమూ లేదని కార్మికులకు చెప్పాను, నేనూ నమ్మాను. సాయంత్రం ఇంటికెళ్తే నా కోటు గుమ్మంలో దులిపేది నా భార్య గ్రీట్. ఇవాళ నేను లేవలేదని రేపు పొద్దున సమాధి దగ్గరికెళ్ళి తనకు చెబుతాను."