లైవ్ అయ్యాకే

షౌగెన్ భార్య తెల్లవారుజామున చనిపోయింది. చైనాలోని ఆ సిచువాన్ కొండఊళ్లో గుమ్మం ముందు టపాకాయలు పేల్చి చావు కబురు చెబుతారు. ఆయన అగ్గిపెట్టె తీసేసరికి, ఆయన నారింజలను ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్మే ఊరి అమ్మాయి పెయ్‌యిన్ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగు తాతా. అవ్వ కిందటేడే చనిపోయిందని లైవ్‌లో చెప్పాం కదా. ఇప్పుడు మళ్లీ చనిపోయిందంటే జనం ఊరుకుంటారా?"

"నువ్వు చెప్పమంటేనే కదా నేను చెప్పింది! లోపల గదిలో కూర్చుని మీ అవ్వ కూడా విని నవ్వేది."

"ఊరందరి కాయలూ ఈ లైవ్ మీదే అమ్ముడుపోవాలి. చెట్టు మీదే కుళ్లిపోతే రేపు అందరూ నిన్నే తిడతారు. ఒక్క గంట ఓర్చుకో, అయ్యాక పేల్చుకుందువు."

షౌగెన్, భార్య శవం ఉన్న గదికి గడియ పెట్టి వచ్చి, నారింజల బుట్ట పక్కన ఫోన్ ముందు కూర్చున్నాడు. ఎప్పటిలాగే, "మా ముసలిది బతికున్నప్పుడు ఈ చెట్లకి..." అని మొదలుపెట్టాడు. అంతలోనే చేతిలో నారింజ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

జనం రాస్తున్నవి తెర మీద చదువుతూ పెయ్‌యిన్ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"కొంచెం తగ్గించు తాతా, నటిస్తున్నావంటున్నారు. పోయినసారి ఏడ్చినట్టు ఏడువు. అదైతే నమ్మారు."