రెండో బండి

అలిపిరిలో కొత్త ఫారిన్ బండికి పూజ అయింది. డ్రైవరు వరదయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెడతా ఉన్నాడు.

“తిరపతిలో ఇట్లాంటి పెద్ద బండ్లు మూడుండాయి. మూడూ తోలినోడివి నువ్వు. ఏది ఫస్టు?” అడిగినాడు ఓనరు బాలచంద్ర.

“మనదే సామీ. రెండోది మీ చిన్నాయనది. మూడోది లెక్కలోకే రాదు.”

“చిన్నాయన బండిని తరిమితే దొరుకుతాదా?”

వరదయ్య మీసం దువ్వినాడు. “పుత్తూరులో ముందు బయల్దేరనీ సామీ, వడమాలపేట దాటకముందే పట్టేస్తా.”

“రేపు ఆ దావనే వస్తాడు. నువ్వు అడ్డం పెట్టు, చాలు. మనోళ్లు ఆ బండిలో ఒక్కణ్ణి కూడా మిగల్చరు.”

మూడు చక్రాల కింద నిమ్మకాయలు పడినాయి. నాలుగోది వరదయ్య చేతిలోనే ఉండిపోయింది.

మొన్ననే ఎవురికీ చెప్పకుండా ఆ రెండో బండికి డ్రైవరుగా తన కొడుకును చేర్పించి వచ్చినాడు.