నాలుగో దెబ్బ

రెండో యుద్ధం మొదలైన ఏడాది పేరేసంద్ర నుంచి బాగేపల్లికి వేస్తున్న కొత్త రోడ్డుకు ముత్యాలప్పే కంట్రాక్టరు. ఆ రాత్రి ఆయన లాంతరు పట్టుకుని కంకర జల్లిగుట్టల వైపు బయల్దేరితే కావలి బయ్యప్ప అడ్డం వచ్చాడు.

"ఆ పక్క పోవద్దప్పా. మూడు రాత్రుళ్ళ నుంచి ఎవరో రాయి కొడతాండారు. పోయి చూస్తే నరమనిషి ఉండడు."

"ఎట్ల కొడతాండారు?"

"మూడు దెబ్బలు కొట్టి, రవంతసేపు ఊరుకుంటాండారప్పా."

ముత్యాలప్ప అతన్ని తప్పుకుని గుట్టల వైపే నడిచాడు. ముప్పై ఏళ్ళ కిందట చింతామణి రోడ్డులో ఆయనా రాళ్ళు కొట్టిన కూలివాడే. పెచ్చు ఎగిరి ఎడమ కన్ను పోయింది. అప్పట్నుంచి ఎదురెదురుగా కూర్చుని ఒకే రాయి కొట్టేటప్పుడు భార్య పుట్టమ్మ ఒకటే మాట అనేది: "మూడు నావి, ఒకటి నీది. ఆత్రపడొద్దు."

కంట్రాక్టరయ్యాక ఆయన సుత్తి ముట్టింది లేదు. పుట్టమ్మ పోయి ఏడాదైంది.

గుట్ట దగ్గర ఎవరూ లేరు. ఒక పెద్ద రాయి, దాని పక్కన ఒక సుత్తి. అయినా వినబడింది. టక్, టక్, టక్. ఆ తర్వాత నిశ్శబ్దం, ఆయన వంతు కోసం ఆగినట్టు.

"వచ్చినానులేవే," అన్నాడు ముత్యాలప్ప. లాంతరు దించి, గొంతుక్కూర్చుని, నాలుగో దెబ్బ వేశాడు.

పెచ్చు ఎగిరింది. అది తగిలేలోపే కాయలు కాసిన చల్లటి అరచెయ్యి ఒకటి ఆయన మిగిలిన కంటిని కప్పేసింది.

మళ్ళీ మూడు దెబ్బలు వినిపించాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.