పుల్ల వణికిన తావు

బయ్యన్న తలకు తగిలించిన వైర్ల టోపీని డాక్టర్ పద్మజ తీసేసింది.

"శబ్దం వినపడగానే మెదడులో కరెంటు అల లేవాలి. మీకు బాగా సన్నగా లేస్తోంది, పెద్దాయనా. మీ నడక కూడా అదే చెబుతోంది. పార్కిన్సన్స్ ముదిరింది. ఈ వణుకూ దానిదే."

తోడొచ్చిన ఓబిలేష్ నవ్వాడు. "కాళ్లు తడబడతాండాయని పిల్చుకొచ్చినా గానీ, వణుకు జబ్బు గాదు మేడమ్. మామ బోర్లకు పాయింట్లు చూస్తాడు. వేపపుల్ల పట్టుకొని చేన్లో నడుస్తాంటే, నీళ్లుండే తావున చేయి వణుకుతాది."

"నడిస్తే వణకడం ఈ జబ్బు లక్షణమే. ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది."

ఓబిలేష్ నవ్వు ఆగిపోయింది.

"బోరులో నీళ్లు పడలేదని మా నాయన పురుగుమందు తాగినాడే. ఆ చేన్లో గూడా నీ చేయి వణికింది గదా, మామా?"

బయ్యన్న వణికే చేతిని రెండో చేత్తో అదిమిపెట్టాడు.

ఓబిలేష్ ఫోన్ మోగింది. చేను దగ్గర నుంచి భార్య హేమ. వెనక బోరుబండి హోరు.

"ఏమప్పా, నిన్న పుల్ల వణికిన తావులో ఉత్త దుమ్మే లేస్తాండాది. ఆపమందునా, ఇంగా లోతుకు దించమందునా?"

ఆసుపత్రి రెండో అంతస్తులో, నున్నటి బండల మీద, బయ్యన్న చేయి వణుకుతూనే ఉంది.

ఓబిలేష్ దాన్నే చూస్తూ అన్నాడు: "దించమను."